చల్లారాక వచ్చిన నీలం

హనుమకొండలోని ఒక జూనియర్ కాలేజీ వృక్షశాస్త్ర ప్రయోగశాలలో జన్నత్ బీ ముప్పై ఒక్కేళ్లుగా అటెండరు. చదివింది ఐదో తరగతి. గోడవారన నిలబడి విన్న పాఠాలకు మాత్రం లెక్కలేదు. ఆకు ఎండను పట్టి చక్కెర చేస్తుందని, వాడుకోగా మిగిలిన చక్కెరను గొలుసులుగా అల్లి పిండిపదార్థంగా దుంపలోనో గింజలోనో దాస్తుందని ఆమెకు తెలుసు. మొలక కోసం దాచుకున్న తిండిని మనం కాజేస్తున్నామని, ఆలుగడ్డ కోసినప్పుడల్లా కోడలికి చెప్పేది. కోడలు కూరలో ఉప్పెంత వేయాలని అడిగేది.

నెలాఖరుకు ఉద్యోగ విరమణ. ఇన్నేళ్లలో ఆమె మీద ఒక్క ఫిర్యాదూ కాగితానికి ఎక్కలేదు. ఆమెకున్న గర్వమంతా అదే. ఆఖరి ప్రాక్టికల్స్ కదా అని ఆ రోజు నీలం అంచు తెల్లచీరకు గంజి దట్టించి కట్టుకొచ్చింది. నడుస్తుంటే పరీక్ష పేపర్లు తిరగేస్తున్నంత చప్పుడు.

తీరా పరీక్షలో చిక్కొచ్చింది. స్నేహలత అనే విద్యార్థిని ఆలుగడ్డ ముక్కలు ఉడికించి, పొగలు కక్కుతున్న ఆ నీళ్లను గాజు గొట్టంలో పోసి అయోడిన్ చుక్కలు వేసింది. పిండిపదార్థం ఉంటే నల్లనీలం రావాలి. రాలేదు. పక్క బల్లల మీదా అంతే. పరీక్షించడానికి వేరే కాలేజీ నుంచి వచ్చిన కమల మేడం ముఖం చిట్లించింది. ఇన్‌చార్జి లెక్చరర్ సారంగపాణి కొత్తవాడు. కంగారులో, అయోడిన్ కలిపింది జన్నత్ బీ అనేశాడు. అటెండరు కలిపిన మందు పనికిరాలేదని మేడం పరీక్ష నివేదిక కాగితం మీద రాయడం మొదలుపెట్టింది.

జన్నత్ బీ అయోడిన్ సీసా చేతిలోకి తీసుకుంది. సారు తెల్లచొక్కా కూడా గంజితో బిర్రుగానే ఉంది. ఆమె చూపు ఒక్క క్షణం దాని జేబు మీద ఆగింది. సంబంధాలు చూస్తున్న పిల్లగాడు పాపమని వదిలేసి, తన కొంగు మీదే ఒక చుక్క వేసుకుంది. అందరూ చూస్తుండగానే అక్కడ నల్లనీలం మరక పడింది. గంజి అంటే బియ్యం దాచుకున్న పిండే కదా.

“మందు మంచిగనే ఉన్నది మేడం. నీళ్లే మస్తు కాలుతున్నయ్. జర సల్లారనియ్యుండ్రి.”

స్నేహలత గాజు గొట్టాన్ని చన్నీళ్ల గ్లాసులో నిలబెట్టింది. కాసేపటికి గాజు అంచుల వెంట నీలం మొదలై, చూస్తుండగా గొట్టమంతా సిరాబుడ్డిలా అయింది.

సారంగపాణికి తల కొట్టేసినట్టయింది. పిండి గొలుసులు చుట్టలు చుట్టుకుని ఉంటేనే వాటి నడుమ అయోడిన్ చిక్కి నీలమవుతుందని, వేడికి ఆ చుట్టలు సడలిపోతాయని అప్పుడు పిల్లలకు వివరించాడు. అంత సంగతి తనకు తెలియదంది జన్నత్ బీ. తొందరపడిన పిల్లల్ని ముప్పై ఒక్కేళ్లు చూసిందంతే.

కమల మేడం ఆ కాగితం చింపేసి, ఈసారి పిల్లల తొందర గురించి రాయబోయింది.

“అది గూడ వద్దు మేడం. పొద్దుగాల ఏం తినకుండనే ఉరికొచ్చిండ్రు పోరగాళ్లు. కడుపుల ఏం లేనిదే ఓపిక యాడికెల్లి వస్తది?”

మేడం కాసేపు ఆమె కొంగు మీది మరకను చూసింది. తర్వాత కొత్త కాగితం మీద ఎవరి మీదా ఏమీ రాయకుండా సంతకం ఒక్కటే పెట్టి, దాన్ని సారంగపాణి చేతికిచ్చింది.