చిటికెన వేలు లేని చెయ్యి

పోచమ్మ తల్లి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. శ్మశానం పక్క చేనుకు ఒంటరిగా నీళ్లు కట్టినవాణ్ణి.

డెబ్బైల చివర్లో గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌లో తాపీపని చేసేవాణ్ణి. సముద్రం ఒడ్డున మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అంటే మా కఫీల్, తాతల నాటి ఇల్లు ఒకటి పాడుబడి ఉండేది. పగడపు రాళ్ల గోడలు, పైన గాలి కోసం కట్టిన బురుజు. దాన్ని బాగుచేయించి సెలవుల్లో విడిదిగా వాడుకోవాలని ఆయన ముచ్చట.

ఆ పని పూర్తయితే నాకు ఊరికి సెలవు. నా బిడ్డకు రెండేళ్లు నిండాయి, నేనింకా దాని ముఖమే చూడలేదు.

అంతా అయింది, ఒక్క జాగా తప్ప. సముద్రం వైపు కిటికీ పక్కన, భుజం ఎత్తులో, చేటంత మేర సున్నం నిలిచేది కాదు. మూడుసార్లు పూశాను. మూడుసార్లూ పెచ్చులై రాలింది.

"ఏమే మల్లన్నా, గోడకు గజ్జి లేసిందా?" అని నా జోడీ గంగారాం ఒకటే నవ్వు.

మాతో పని చేయించే మేనేజరు, ముదీర్‌ది హైదరాబాద్. ఆయన నవ్వలేదు. "రేపు కఫీల్ వస్తున్నడు. గోడ ఇట్లనే ఉంటే నీ ఛుట్టీ ఖలాస్, సమజైందా?"

ఆ మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయారు. నేనొక్కణ్ణే ఉన్నాను. అప్పుడు చూశాను! నల్ల బురఖాలో ఒక ముసలమ్మ. ఎడమ అరచెయ్యి సరిగ్గా ఆ మచ్చ మీద ఆనించి సముద్రాన్ని చూస్తోంది. ఆ చేతికి చిటికెన వేలు లేదు! రెప్ప వేసి తెరిచేసరికి మనిషి లేదు.

పరుగున పోయి, వేలు సంగతితో సహా ముదీర్‌కు చెప్పాను. "సాబ్, అది ఆమె చెయ్యి పెట్టే జాగ. పూస్తే ఒప్పుకుంటలేదు. అట్లనే ఇడిసిపెడదాం."

"పాగల్! ఈ ముచ్చట ఎవరి ముంగటన్న అన్నవంటే ఇద్దరి నౌకరీ పోతది."

మరునాడు కఫీల్ తన అక్కను వెంటబెట్టుకొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఆ ఇంట్లోనే పుట్టిందట. ఎవరూ దారి చూపకుండానే ఆ గదిలోకి నడిచి, ఎడమ అరచెయ్యి మచ్చ మీద పెట్టింది. ఏడుస్తూ అరబీలో ఏదో అంది. ముదీర్ నన్ను పక్కకు లాగాడు.

"వాళ్లమ్మ ముత్యాలకు పోయిన పడవ కోసం ఈడనే చెయ్యానించి నిలబడేదంట. ఆమెకు చిటికెన వేలు లేకుండెనంట. మల్లన్నా, నేనెవ్వరికీ చెప్పలే, కసమ్!"

ఆ జాగా అలాగే ఉండాలన్నాడు కఫీల్. ఆ వారమే నేను విమానమెక్కాను. నా బిడ్డ నన్ను చూసి జడుసుకుని ఏడ్చింది, అది వేరే సంగతి.

ఒట్టు వేశాను గనక ఒకటి ఒప్పుకోవాలి. ఆ గోడ మొదటిసారి పూసిన రోజు మంచినీళ్ల ట్యాంకర్ రాలేదు. ఆ ఒక్క జాగాకు బావిలోని ఉప్పునీళ్లతో సున్నం కలిపాను. ఉప్పు ఎక్కిన గోడకు ఎన్నిసార్లు పూసినా నిలవదు. నా తప్పు కప్పుకోవడానికి ముసలమ్మను పుట్టించాను. ఆ మధ్యాహ్నం నేను ఎవరినీ చూడలేదు. ముదీర్ నమ్మాలని ఆమె చిటికెన వేలు కూడా నేనే తీసేశాను.

నేను తీసేసిన ఆ వేలు, నేను పుట్టకముందే ఆ ఇంట్లో ఎలా లేకుండా పోయిందో ఇప్పటికీ నాకు తెలియదు.