ఎత్తిన నాగలి కింద

మేం పాత ట్రాక్టరు కొన్నాం. నాగలిని ఎత్తే దాని హైడ్రాలిక్కులో ఎక్కడో నూనె కారుతుంది. ఎత్తిన నాగలి ఎత్తినట్టు ఉండదు. చూస్తుంటే కదిలినట్టే అనిపించదు గానీ, టీ తాగి వచ్చేసరికి కర్రులు నేలకు ఆని ఉంటాయి. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. భయం మాత్రం నా ఒక్కదానికే.

పోయినేడు మా పల్లపు మడిని మా బావ ఎగుడుదిగుడుగా దున్నాడు. ముందు కర్రు లోతుగా, వెనక కర్రు పైపైన పోయింది. ఒక మూల నీళ్లు నిలిచి నారు కుళ్లింది, ఇంకో మూల ఎండింది. ఊళ్లోవాళ్లు గట్టు మీద నిలబడి నవ్వారు. మేనత్త కొడుకునే చేసుకున్నాను కనుక నాకు తెలుసు, మా బావ ఆకలికైనా ఓర్చుకుంటాడు గానీ నవ్వుకి ఓర్చుకోడు. ఈ ఏడు తొలి వాన పడగానే, నాగలి సెట్టింగు సరిచేశాకే చేలో దిగుతానని పట్టుబట్టాడు.

దున్నేటప్పుడు కుడి చక్రాలు అప్పటికే తెగిన చాలులో నడుస్తాయి, బండి అటు వాలుతుంది. ఆ వాలు చదునైన కళ్లంలోనే రావాలంటే ఎడమ చక్రాల కింద చాలు లోతంత దిమ్మలు పెట్టాలి. అప్పుడు రెండు కర్రులూ ఒక్కసారే నేలను తాకేలా మరలు తిప్పుకోవాలి. మాకున్నవి రెండే తాటి దిమ్మలు. ఎత్తిన నాగలికి కింద ఆసరా పెట్టేవీ అవే.

మరలు తిప్పడం అయ్యాక ఒక కర్రు బోల్టు వదులుగా కనబడింది. బావ నాగలి పైకెత్తి, ఇంజిను ఆపి, పానా పట్టుకుని కిందికి దూరాడు.

"ఒసే, సీటు మీద కూకో. ఏటీ ముట్టుకోకు."

"కింద దిమ్మ లేదు కదా బావా."

"సక్రాల కిందున్నాయి. తీస్తే మళ్లీ ఎక్కించాల. నాలుగు సుట్లే."

కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూస్తే అతని కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. నాగలి కడ్డీ మీద ఒక బురద మరక ఉంది. ఎక్కినప్పుడు అది మడ్‌గార్డు అంచుకి పైన ఉండేది. ఇప్పుడు అంచుకి సమానంగా ఉంది. ఇంజిను ఆగిపోయాక నాగలిని లేపే లివర్ ఎత్తినా లాభం లేదు.

"బావా, దిగుతన్నాది."

"నీకెప్పుడూ అలాగే కనిపిస్తాది."

చివరికి బయటికొచ్చాడు. నీళ్లు తాగి, "రెండో కర్రు బోల్టూ బిగించేస్తాను" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పానా లాక్కుని నేనే దూరాను. "నువ్వు కూకో సీటు మీద. నేను బిగిస్తాను" అన్నాను. అతను నవ్వుతూ ఎక్కాడు.

కింద నూనె కంపు. కర్రు మొన సరిగ్గా నా గుండెల పైన ఉంది. పానా బోల్టుకి పట్టడం లేదు. చచ్చిపోతానేమో అనుకున్నాను, ఉత్తినే అనుకోవడం కాదు. కాసేపటికి అతని నవ్వు ఆగిపోయింది.

"రాయే బయటికి."

"నాలుగు సుట్లే కదా."

"వద్దే. దిగుతన్నాది." ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మరుక్షణం దూకి నా కాళ్లు పట్టుకుని బయటికి లాగాడు.

ఆ పూట ఇక నాగలి ముట్టుకోలేదు. మర్నాడు చీపురుపల్లి వెళ్లి మరో రెండు దిమ్మలు కోయించుకొచ్చాడు.

ఈ ఏడు మడిలో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నీళ్లు ఒకే మట్టాన నిలిచాయి. నవ్వినవాళ్లే వచ్చి, ఇంత సమంగా ఎలా దున్నావని అడిగారు. మా బావ నా వైపు చూడలేదు.

"నాలుగు దిమ్మలుండాల" అన్నాడు.