బరాత్ కారుకు స్లో పెట్టడం

మా చెల్లె రెండో పెండ్లికి బరాత్ కారు నాదే. తొంభైల మొదట్లో సంగతి. మెట్‌పల్లిలో ఒక పాత అంబాసిడర్‌ను కిరాయికి తిప్పుకునేవాణ్ణి. దాని కోపం, నా కోపం ఒకటే. జర వేడెక్కిందంటే ఎక్కడ పడితే అక్కడ మొరాయించేది.

మామూలు పెండ్లి అయితే బరాత్ ఊరేగింపులో కారు ఆగినా ఫికర్ లేదు. పదిమంది నవ్వుకుంటూ తోస్తారు, అంతే. మా చెల్లె సంగతి వేరు. మొదటి పెండ్లయిన ఏడాదికే మొగుడు జ్వరంతో పోయాడు. అత్తగారి ఊరూ, మా వాడా ఏకమై దాని పాదమే మంచిది కాదన్నాయి. ఇన్నేండ్లకు నిర్మల్ నుంచి ఒక మనిషి వచ్చి, అన్నీ తెలిసే ఇష్టపడి చేసుకుంటున్నాడు. దాన్ని కూర్చోబెట్టిన కారు నడిబజార్ల ఆగిందనుకోండి, ఇంకేమన్నా ఉందా!

"బండి ఆగిందంటే గిది కూడా దాని పాదమే అంటరు కొడుకా," అంది మమ్మల్ని కన్న అవ్వ. "కుండ మూతికి మూకుడుంది గని లోకం మూతికి లేదు."

ఆగిపోవడానికి కారణం ఇంజన్‌కు నిప్పురవ్వ అందించే పాయింట్లు. మాటిమాటికి అరిగేవి, మాడేవి. వాటిని పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బిగిస్తే ఆ పీడ ఉండదని బస్టాండ్ దగ్గరి ఎలక్ట్రీషియన్ భాయ్ అన్నాడు. హైదరాబాద్ నుంచి తెప్పించి, బిగించి, ఇంజన్ ముందు తిరిగే చక్రం మీది గీతకు తన పాన్ డబ్బాలోని సున్నం రాశాడు. మినుకుమినుకుమనే టైమింగ్ లైటు ఆ గీత మీద కొట్టి రవ్వ పడే టైమింగ్ కలిపాడు. చివరికి స్లో తగ్గించాడు. ఎక్సిలేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగాన్ని మేము స్లో అంటాం. బరాత్ కారు మొదటి గేరులో, ఆ స్లో మీదనే, మనిషి నడకతో పోవాలి. ఎక్కువైతే ముందు ఆడేవాళ్ల మీదికి పోతుంది, తక్కువైతే ఆగుతుంది.

పెండ్లికి రెండు రోజుల ముందు అదే నడకతో తోలి చూశాను. కూరగాయల మార్కెట్ దాటకముందే వేడెక్కి, దగ్గి, ఆగిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ సామాన్ల మన్నువడ! నా చెల్లె బతుకు ఆగం జేస్తవా భాయ్?"

"గరమైతవెందుకే అన్నా, జర చూడనియ్యి."

మళ్లీ లైటు కొట్టాడు. సున్నం గీత ఉండాల్సిన చోట లేదు. అప్పుడు అర్థమైంది ఇద్దరికీ. బరాత్ కారుకు ముందే స్లో పెంచి పెట్టడం మా దగ్గర రివాజు. పాయింట్లతో ఆగిపోకుండా అందరూ చేసే పనే. నేను పెంచిన ఆ స్లో మీదనే భాయ్ టైమింగ్ కలిపాడు. ఇంజన్ జోరుగా తిరిగితే లోపలి చిన్న బరువులు విచ్చుకొని రవ్వను ముందుకు జరుపుతాయి. తర్వాత స్లో తగ్గించేసరికి అవి ముడుచుకున్నాయి, రవ్వ ఆలస్యమైంది. అందుకే ఆ వేడి, ఆ దగ్గు.

ఈసారి ముందు స్లో తగ్గించి, తర్వాత టైమింగ్ కలిపి, మళ్లీ స్లో సరిచూశాం. అట్లా తిప్పుతూ, తిట్టుకుంటూ, చాయ్ తాగుతూ పొద్దంతా గడిపాం. చివరికి బానెట్ మీద అరచేయి పెడితే వణుకు లేదు. నాకు గుండె మీది బండ దింపినట్టయింది.

బరాత్ పొద్దూకే వేళ కదిలింది. బ్యాండు ముందు, ఆడేవాళ్లు దాని వెనక, తర్వాత కారు. ఎక్సిలేటర్ మీంచి కాలు తీసేసి కూర్చున్నాను, చెవులు రెండూ ఇంజన్ మీదే. మార్కెట్ దాటింది. మా వాడకట్టు మలుపు తిరిగింది. అరుగుల మీద ఆడవాళ్లంతా నిలబడి చూస్తున్నారు. వాళ్లలో మా పెద్దమ్మ వరస ముసలామె ఒకతె ఉంది. పొద్దున తాను పనికి పోయేటప్పుడు మా చెల్లె ఎదురైతే వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయేది ఆమే.

సరిగ్గా అక్కడ చెల్లె వెనకనుంచి నా భుజం తట్టింది. "అన్నా, బండి ఆపు."

"పిచ్చి లేసిందా? ఆపుడేందే!"

"ఆపు అంటున్న గద."

తాళం తిప్పాను. ఇంజన్ ఆగింది. బ్యాండు కూడా ఆగింది. అవ్వ మొహం తెల్లబోయింది.

"అయ్యో, బండి ఆగిందా బిడ్డా?" అంది ముసలామె అరుగు మీదనుంచి.

"ఆగలే పెద్దమ్మా, నేనే ఆపిచ్చిన," అంటూ చెల్లె తలుపు తెరుచుకొని దిగింది. పోయి ఆమెకు ఎదురుగా నిలబడింది. "గిప్పుడు ఎదురొచ్చిన. లోపలికి పోతవా, దీవిస్తవా?"

ముసలామె ఎటూ పోలేక చెయ్యెత్తి దాని తల మీద పెట్టింది. అప్పటికి పెండ్లికొడుకు కూడా దిగి చెల్లె పక్కన నిలబడ్డాడు. ఎవరో బ్యాండువాళ్లను కేకేశారు. ఇద్దరూ నడుచుకుంటూనే ముందుకు పోయారు. నాకు ఏడుపాగలేదు. కళ్లు తుడుచుకుంటూ ఖాళీ కారును వాళ్ల వెనక, వాళ్ల నడకతోనే తోలుకుంటూ పోయాను.