బొటనవేలు దూరని కుట్టు

నాన్నమ్మ కుట్టిన బొంతను అటూ ఇటూ తిప్పి చూసి ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "ఏ మెషీన్ మీద కుట్టారండీ?" అని.

నాన్నమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం కంటే అనుమానమే ఎక్కువ. కుట్టంటే తెలియని మనిషిని బొంతలు కొనడానికి ఎవరు పంపారా అని.

ఆమె హైదరాబాదు నుంచి వచ్చిన డిజైనర్. అరకులో మా వీధి చివర కొత్తగా లేచిన రిసార్టులో గదులు అలంకరించడం ఆమె పని. ఆ గదులకు గిరిజన గుడిసెలని పేరు పెట్టారు. గుడిసెకొక ఏసీ. చలి కోసం అరకు దాకా వచ్చే జనానికి ఏసీ ఎందుకో నేను అడగలేదు. నేను ఎవరినీ ఏమీ అడగను. ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను. పన్నెండు గుడిసెలకు పన్నెండు బొంతలు కావాలట, పాత చీరలతో, చేత్తో కుట్టినవి.

ఆ పని నాన్నమ్మకు ఎంత కావాలో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. బజారులో బొచ్చు దుప్పట్లు వచ్చినప్పటి నుంచి ఆమె బొంత అడిగినవాళ్లు లేరు. "మానీయే అమ్మా, కళ్లు పోతాయి" అని నాన్న రోజూ అంటాడు. పోయిన వానల్లో ఆమె కుట్టిన బొంత ఒకటి తీసుకెళ్లి తన కొట్లో సిమెంటు బస్తాల మీద కప్పాడు. నాన్నమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఎందుకో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఆయన దృష్టిలో గుడ్డ గుడ్డే.

అందుకే రిసార్టు కబురు వచ్చిన రోజు నాన్నమ్మ కుళాయి దగ్గర కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పింది, "పన్నెండు, నా సేత్తోనే కుట్టాలంట" అని. నాన్నకు రెండుసార్లు చెప్పింది.

బొంత కుట్టేటప్పుడు ఆమె ముందుగా అడిగేది ఒకటే: ఎవరు కప్పుకుంటారు? పురిటి బిడ్డకైతే బియ్యపు గింజంత కుట్టు. వేళ్లు చిక్కుకోకూడదు. పెద్దవాళ్లకైతే అంతకు రెండింతలు. మరీ దగ్గరగా కుడితే బొంత అట్టలా బిగుసుకుపోతుంది, మా మంచుకు తడిస్తే మూడు రోజులైనా ఆరదు. పైగా నలిగిన పాత చీర మీద సూది పోట్లు దగ్గర దగ్గరగా పడితే, తపాలా బిళ్లల అంచులాగా గుడ్డ ఆ వరస వెంబడే చిరుగుతుంది. మరీ దూరంగా కుడితే నిద్రలో కాలి బొటనవేలు కుట్టులో దూరి దారం తెగుతుంది. వేలు దూరకూడదు, గుడ్డ బిగుసుకోకూడదు. ఈ రెండింటి మధ్య ఆమె చెయ్యి అరవై ఏళ్లుగా తప్పలేదు. మెషీన్‌కైనా కుట్టు పొడవు మార్చే చక్రం ఉంటుంది, ఆమెకు అదీ లేదు.

"సేత్తోనే కుట్టినానమ్మా" అంది నాన్నమ్మ.

"అయ్యో, సూపర్ అమ్మమ్మగారూ! కానీ మరీ నీట్‌గా ఉంది. గెస్టులు మెషీన్ అనేసుకుంటారు. మాకు చేతి ఫీల్ కావాలి."

చేత్తో కుట్టిన దానికి చేతి ఫీల్ లేదట. ఆమె ఫోన్‌లో రాసుకున్నది కాగితం మీద దించి నాకిచ్చి వెళ్లింది.

"ఒలే గుంటా, ఆ కాయితంలో ఏటి రాసినాది?" అంది నాన్నమ్మ.

"కుట్టు పొడవు ఒక అంగుళం. వరసలు సమంగా ఉండకూడదు. దారం గుడ్డలో కలవని రంగు."

"సమంగా ఉండకూడదా? ఉండాలని రాసుంతాది. సరిగ్గా సూడు."

"ఉండకూడదనే రాసుంది, నాన్నమ్మా."

 "మనకి తెలవని మోజేమోలే" అని సూది తీసుకుంది. ఆ పని ఆమెకు అంత కావాలి. మూడు రోజులు వంకరగా కుట్టడానికి ప్రయత్నించింది. మొదటి రెండు కుట్లు అంగుళం వచ్చేవి. మూడోదానికి చెయ్యి తనంతట తాను దారికొచ్చేసేది. పక్కకు చూస్తూ కుట్టినా వరస తాడు కట్టినట్టే వచ్చింది. "సచ్చినోడి సెయ్యి, మాట ఇంతాలేదు" అని తిట్టుకుంది. నవ్వుతూ తిట్టుకుంది గానీ, మూడో రోజుకి నవ్వడం మానేసింది.

ఆ డిజైనర్ మళ్లీ వచ్చి, నాన్నమ్మ కుట్టిన గుడ్డలన్నీ పక్కన పెట్టేసి, మూలనున్న చిన్న ముక్క ఎత్తుకుంది. అది నేను కుట్టింది. నా కుట్టు ఎలా ఉంటుందంటే, కోడి బురదలో నడిచినట్టు ఉంటుంది. ఒకటి గోరంత, ఒకటి వేలంత, మధ్యలో ముడి.

"వావ్! ఇదీ! ఎంత రస్టిక్‌గా, నాటుగా ఉందో చూడండి. ఇందులో ఆత్మ ఉంది."

ఆత్మ! తొమ్మిదో తరగతిలో కుట్టు టీచరు ఇలాంటి ముక్కనే క్లాసంతటికీ పైకెత్తి చూపించింది, వేరే కారణానికి. డిజైనర్ మెచ్చుకున్న ఆ సాయంత్రం డైరీలో సిగ్గేసిందని రాశాను. అది అబద్ధం. నాకు సంతోషమేసింది. చదివిన పుస్తకాలన్నీ కలిసి కూడా నన్ను ఎవరూ మెచ్చుకునేలా చెయ్యలేదు. చివరికి నా చేతకానితనం మెచ్చుకునేలా చేసింది.

"నువ్వే కుట్టు" అంది నాన్నమ్మ. "పని మనింట్లోనే ఉంతాది కదా." కుట్టాను. పది రోజుల్లో మొదటి బొంత అయింది. ఆ పది రోజులూ ఆమె నా వైపు వీపు పెట్టి కూర్చుని చిక్కుళ్లు వొలిచింది.

బొంత తీసుకోవడానికి డిజైనర్ కెమెరా కుర్రవాడితో వచ్చింది. నాన్నమ్మ బొంత మీద చెయ్యి వేసి చూసి, చూపుడువేలు ఒక కుట్టు కింద దూర్చింది. వేలు అవతలికి వచ్చేసింది.

"ఇది కప్పుకుంతే కాలు సిక్కుకుపోతాది తల్లీ."

"కప్పుకోరండీ. మంచం మీద కాళ్ల వైపు పరుస్తాం, అంతే. షోకి."

"కప్పుకోనిది బొంతేటి?"

ఆ అమ్మాయి నవ్వింది. జోకనుకుంది. తర్వాత సంచిలోంచి చిన్న అట్టముక్క తీసి బొంత మూలకు గుచ్చింది. నేను చదివాను. "అరకు కొండల గిరిజన అవ్వ తన చేతులతో కుట్టినది" అని ఉంది. మా నాన్నమ్మ విజయనగరం పక్క పల్లెలో వరి నాట్లేసిన మనిషి. అవ్వ అని ఆమెను ఈ భూమ్మీద ఎవరూ పిలవలేదు.

"అమ్మమ్మగారూ, ఇలా కూర్చుని బొంత పట్టుకోండి. ఒక్క ఫొటో. అన్ని గుడిసెల్లోనూ పెడతాం."

"ఏటంతన్నాది?" అంది నాన్నమ్మ నాతో.

"ఈ బొంత నువ్వే కుట్టావని ఫొటో కింద రాస్తారట."

ఆమె బొంతను ఒళ్లోంచి తీసి చాప మీద పెట్టింది. "ఈ కుట్టు నాది కాదు."

"పర్లేదండీ, ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు. నాను అలాగ కుట్టనని ఊరంతటికీ తెలుసు. కుట్టడం రాదని గోడకేసి అతికిత్తావా నన్ను?"

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "మీరు కాస్త చెప్పండి. పదకొండు ఇంకా ఉన్నాయి."

 ఇంట్లోకి వెళ్లిపోదామనిపించింది. నాన్నమ్మ నేలకేసి చూస్తూ కూర్చుంది. "ఇది కుట్టింది నేను" అన్నాను. "ఫొటో నాది తీయండి. నా పేరు రాయండి."

ఆమె నా కళ్లద్దాలు, పంజాబీ డ్రెస్సు, జడ చూసింది. "మీదైతే వర్కవుట్ కాదండీ."

"అయితే కుట్టం."

నా జీవితంలో బయటివాళ్లతో నేనన్న అతి పెద్ద మాట అదే. అట్టముక్క పీకి ఆమె చేతిలో పెట్టాను. కారు వెళ్లిపోయింది. నాలుగు రోజుల తర్వాత తెలిసింది, పన్నెండు బొంతలూ ఢిల్లీ నుంచి తెప్పించారట, మెషీన్ మీద వంకరగా కుట్టినవి. వంకర కుట్టే మెషీన్లు కూడా ఉన్నాయన్నమాట.

కారు వెళ్లిన రోజు సాయంత్రమే కొట్టు నుంచి వచ్చి నాన్న అడిగాడు, "పన్నెండూ పోయినట్టేనా?"

"పోతే పోనీ" అంది నాన్నమ్మ. నా బొంతను ముందు వేసుకుని బ్లేడుతో కుట్లన్నీ విప్పింది. ఖాళీ గుడ్డ నా ఒళ్లో పడేసి, "కుట్టు. మీ నాన్న కప్పుకుంతాడు" అంది.

ఒక వరస కుట్టి చూపించాను. వేలు దూర్చి చూసి విప్పేసింది. రెండోదీ విప్పేసింది. మూడోది కొంచెం సేపు చూసింది. అదీ విప్పేసింది.