కుక్కుటేశ్వరరావు గారి ఇంజను పడవ

మా బావగారు కుక్కుటేశ్వరరావు గారికి పాలకొల్లులో ఇనుప సామాను కొట్టు. మేకులూ గొలుసులూ తూచి తూచి విసుగెత్తిందేమో, డెబ్బై తొమ్మిది వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పెరట్లో పడవ మొదలుపెట్టారు. చేలకు నీళ్ళు తోడే పాత ఆయిలింజనొకటి తెచ్చి అందులో బిగించారు. చెక్కల సందుల్లో దూది కూరి తారు పూశారు. ఆ వాసన మా అన్నం కంచాల దాకా వచ్చేది.

“కొట్టు చూసుకోండి మహానుభావా అంటే కొయ్యలు చెక్కుతున్నారు,” అనేది మా తోడికోడలు సత్యకుమారి అక్క.

“నిన్నెక్కించుకుని తిప్పుతుంటే కాలవగట్టంతా నోరెళ్ళబెట్టాలే,” అనేవారు ఆయన.

నీళ్ళు వదిలాక ఒక ఆదివారం పొద్దున మా ఇద్దరినీ ఎక్కించారు. ఇంజను మోతకు పక్కవాళ్ళ మాట వినిపించలేదు. రేవుల్లో బట్టలుతికేవాళ్ళు లేచి నిలబడి చూస్తుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. ఊరు దాటి మలుపు తిరిగాం. అక్కడి రేవులో బోలెడు జనం, అందరూ మా వైపే చూస్తున్నారు. బావగారు చెయ్యెత్తి, “ఎక్కుతారేంటండీ? రండి, రండి!” అని అరిచారు.

ఎవరూ నవ్వలేదు. అప్పుడు కనిపించాయి, మెట్ల మీద ఆకులో పిండాలు. రైతు పెద్దిరాజు తల్లి అన్నపూర్ణమ్మ గారి పదోరోజు అది. మా మోతకు కాకులన్నీ లేచిపోయాయి. బావగారు గబగబా ఇంజను ఆపేశారు. పడవ రేవు పక్కనే గట్టుకు తగిలి ఆగింది. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

ఎంతకీ కాకి రాలేదు.

“ఆవిడ మనసులో ఏవుందో నీకు తెలీదేంట్రా?” అన్నాడు పెద్దిరాజు మేనమామ గంగరాజు. “అదిగో, అవతల గట్టున నిలబడింది.”

అవతల ఉన్నది పెద్దిరాజు చెల్లెలు చిన్నమ్మాయి. మిషన్ స్కూలు మేస్టారు సామ్యేలును పెళ్ళాడిందని పెద్దిరాజు గడప తొక్కనివ్వలేదు. తల్లి పోయినా కబురు పెట్టలేదు.

పెద్దిరాజు నేల చూపులు చూశాడు. తర్వాత చేతులు జోడించి, “అమ్మా, చెల్లిని ఇంటికి తెచ్చుకుంటానే. ముట్టుకోవే,” అన్నాడు. అవతల చిన్నమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు బావగారు ఊరుకుంటే సరిపోయేది. సిగ్గు ఆయన్ని ఊరుకోనివ్వలేదు. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, “తప్పైపోయిందండి పెద్దిరాజు గారూ. ఇది అమ్మగారి అలక కాదండి. నా ఇంజను మోతకి బెదిరాయండి కాకులు,” అన్నారు.

పెద్దిరాజు తలెత్తాడు. “అదా సంగతి! ఇంకా అమ్మ అలకే అనుకుంటున్నానండీ.” కళ్ళు తుడుచుకున్నాడు.

“మరి ఇప్పుడన్న మాటో?” అన్నాడు గంగరాజు.

“కంగార్లో అన్నదేలే మావయ్యా.”

కాసేపటికి కాకి వాలింది. రేవంతా ఊపిరి పీల్చుకుంది.

బావగారు గెడ తీసుకుని పడవను అవతలి గట్టుకు తోశారు. “ఎక్కమ్మా, ఆ రేవులో దింపుతాను. మీ అన్నతో నేను మాట్లాడతాను.”

“ఇందాక మాట్లాడారుగా అన్నయ్యగారూ,” అంది చిన్నమ్మాయి. కోపంగా అనలేదు. చెప్పులు చేతబట్టుకుని గట్టు దిగి, చేల వైపు వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో ఆయన ఇంజను జోలికి పోలేదు. గెడ వేస్తూనే వచ్చారు. “ఏవండీ, ఇంజను చెడిందా?” అని ఒక రేవులో అడిగారు. “చెడిందండి,” అన్నారు బావగారు. తర్వాతి రేవులోనూ అడిగారు. అక్కడా అదే చెప్పారు, తల ఎత్తకుండా.