ఈరోజు కూడా రాలేదండీ

మా కృష్ణా జిల్లా వాళ్లకి ఒక అలవాటుంది. మనిషి వెనక ఆడిపోసుకునేటప్పుడు కూడా ‘గారు’ తగిలిస్తాం. ‘ఆ వెధవ గారు మళ్లీ సెలవు పెట్టారండీ’ అన్న మాట మా స్టాఫ్ రూములో నేను చెవులారా విన్నాను. ఆ మర్యాదే చివరికి నా కొంప ముంచింది.

నేను విజయవాడ వన్ టౌన్‌లో ఉంటాను. ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పిల్లలకి నా పాఠాలు గుర్తుండవు గానీ జోకులు గుర్తుంటాయి. పరీక్షల్లో జోకులు అడగరు, అది వాళ్ల దురదృష్టం.

పెద్ద పెద్ద సోషల్ మీడియా యాప్‌లలో తగాదాలు చూసి చూసి విసుగెత్తి, పిట్టల పిచ్చి ఉన్న కొందరం ఒక చిన్న నెట్‌వర్కులోకి చేరాం. దానికి కంపెనీ లేదు. పెద్ద యాప్‌లు మున్సిపాలిటీ కొళాయి లాంటివి, వాళ్లు కట్టేస్తే ఊరంతా ఎండాల్సిందే. ఇదేమో ఎవరి పెరట్లో వాళ్లు బోరు వేసుకుని, గోడ మీంచి పైపులు ఇచ్చిపుచ్చుకోవడం లాంటిది. ఆ బోరునే సర్వర్ అంటారు. ఒక సర్వర్లో ఉన్నవాళ్లు పక్క సర్వర్ వాళ్లతో హాయిగా కబుర్లాడుకోవచ్చు.

మా సర్వర్ పటమటలో ఒక అపార్టుమెంటులో, ఒకాయన పడగ్గదిలో బీరువా పక్కనున్న పాత కంప్యూటర్లో నడుస్తుంది. ఆయన ఇంట్లో కరెంటు పోతే మేమందరం పోతాం. ఆయన కరెంటాఫీసులోనే పనిచేసి రిటైరయ్యారు కాబట్టి, అలా పోయిన ప్రతిసారీ డిపార్టుమెంటు తరఫున క్షమాపణ కూడా చెప్పేవారు. మేమంతా ఆయన్ని ఇంటాయన అని పిలుస్తాం. ఆయన ఇంట్లోనే కదా ఉంటున్నాం.

ఇంటాయన సొంతూరు చల్లపల్లి దగ్గర. ఆ వైపు కోతలప్పుడు మంచి కంకులు ఏరి, జడలా అల్లి, కుచ్చుగా కట్టి వసారాలో వేలాడదీస్తారు, పిచ్చుకలు తినడానికి. ఆయన అలాంటి కుచ్చొకటి తెప్పించి తన నాలుగో అంతస్తు బాల్కనీలో కట్టారు. రోజూ పొద్దున్నే దాని ఫొటో పెట్టేవారు. కింద ఎప్పుడూ ఒకటే మాట, ‘ఈరోజు కూడా రాలేదండీ.’ మేము ‘రేపు వస్తాయండీ’ అని రాసేవాళ్లం. ఆ తర్వాతే మా రోజు మొదలయ్యేది. ఒకరు కాలువ గట్టు మీద కనబడ్డ లకుముకి పిట్ట ఫొటో పెట్టేవారు. ఒకరు కొల్లేరు వైపు వెళ్లొచ్చి కొంగల గురించి చెప్పేవారు. మధ్యలో ఎవరో పెసరట్టులోకి అల్లప్పచ్చడా, కొబ్బరి చట్నీయా అని తగువు లేవదీసేవారు. ఊళ్లో అరుగు మీద కూర్చున్నట్టు ఉండేది.

మంగళగిరిలో చీరల దుకాణం నడిపే మేడమ్ ఒకావిడ వేరే సర్వర్లో ఉంటారు. నా జోకులకి బాగా నవ్వుతారు, అదే ఆవిడతో నా స్నేహానికి పునాది. ఒక మధ్యాహ్నం కాలేజీ క్యాంటీన్లో కూర్చుని ఆవిడకి ప్రైవేటుగా ఒక ముక్క రాశాను: ‘ఫలానా గారికైతే పని లేదు. పిచ్చుకలకి ఉంటుంది కదండీ. రోజూ ఒకే ఫొటోలో పడటానికి అవెందుకొస్తాయి?’

ఆ ‘ఫలానా’ దగ్గర ఇంటాయన అని రాస్తే సరిపోయేది. కానీ పెద్దాయన కదా, వట్టి మారుపేరుతో అనడం బాగోదని, నెట్‌వర్కులో ఆయనకున్న పూర్తి చిరునామా సర్వర్ పేరుతో సహా, ఇంటిపేరుతో పిలిచినంత గౌరవంగా రాసి, చివర ‘గారు’ చేర్చాను. ఈ నెట్‌వర్కులో ప్రైవేటు ముక్కలో ఎవరి చిరునామా ఉంటే వాళ్లకి కూడా అది చేరుతుంది. శుభలేఖ మీద పేరు రాశాక భోజనానికి రావద్దంటే కుదరదు కదా.

మేడమ్ వెంటనే రాశారు. “ఏవండీ, ఆయన్ని కూడా పిలిచారేంటి?”

“ఎవర్ని?”

“ఒకసారి పైన చూసుకోండి.”

చూసుకున్నాను. చేతిలో మిరపకాయ బజ్జీ ఉండాలి. అదేమైందో ఇప్పటికీ తెలియదు.

రాసింది తీసేశాను. నా ఫోన్లోంచి పోయింది. ఆయన ఫోన్లో అప్పటికే గంట మోగి ఉంటుంది. కాసేపటికి ఆయన దగ్గర్నుంచి జవాబొచ్చింది: ‘చాలా బాగా రాశారండీ.’

తిట్టి ఉంటే కాళ్లావేళ్లా పడేవాణ్ణి. మెచ్చుకున్న మనిషిని ఏం చెయ్యాలి? అలవాటు కొద్దీ ‘థాంక్సండీ’ అని కొట్టి, పంపబోయి, చెరిపేశాను. చివరికి ‘సరదాకి అన్నానండీ, క్షమించండి’ అని పంపాను. ‘అయ్యో, ఏముందండీ’ అన్నారు. మా వైపు ఎవరైనా ‘ఏముందండీ’ అన్నారంటే చాలా ఉందని అర్థం.

మర్నాడు పొద్దున ఫొటో రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

జనం ఆరా తీశారు. ఒంట్లో బాగాలేదా అని ఒకరు, కరెంటు పోయిందా అని ఒకరు. పోతే మనం అడగలేం కదా అని ఇంకొకరు. ఇంటాయన జవాబిచ్చారు: ‘బాగానే ఉన్నానండీ. ఫోన్ కెమెరా పాడైంది.’ నా పరువు కోసం ఆ పెద్దమనిషి ఏ పాపం తెలియని కెమెరా మీద నింద వేశారు. అది చదివి నేను ఫోన్ బోర్లా పెట్టాను, అదేదో నా ముఖమైనట్టు.

అక్కడితో వదిలినా బాగుండేది. గుడివాడ నుంచి ఒక పెద్దావిడ అందరి ముందూ నన్ను పిలిచారు. “మాస్టారూ, ఇంటాయన డల్‌గా ఉన్నారు. మీరొక జోకెయ్యండి, ఆయనే నవ్వుతారు.” నలుగురు అవునవునన్నారు. నాకు కాలేజీలో అర్జెంటు పని పడిందని రాశాను. ఆ రోజు ఆదివారం.

అంతకు చాలా ముందే మేము కొందరం కలుసుకోవాలని అనుకున్నాం. గాంధీనగర్లో ఒక టిఫిన్ హోటలు. మానేద్దామనుకున్నాను, కానీ మానేస్తే ఎందుకు మానేశానో ఆయనకి తెలుస్తుంది. వెళ్లాను. ఇంటాయన గుడ్డ సంచీ పట్టుకుని వచ్చారు. సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, ఫొటోల్లో ఎప్పుడూ కనబడని మనిషి. సంచీలో అందరికీ తలా ఒక వరి కుచ్చు. చల్లపల్లిలో చెప్పి కట్టించారట. నా వంతు వచ్చినప్పుడు నా ముఖంలోకి చూసి, “మీ వన్ టౌన్‌లో బియ్యం గోడౌన్లున్నాయి కదండీ. మీకు రావచ్చు,” అన్నారు.

“ఆ రోజు నేను...” అని మొదలుపెట్టాను.

“కాఫీ చల్లారిపోతుందండీ,” అన్నారు.

కుచ్చు తెచ్చి బాల్కనీలో కట్టాను. కట్టింది ప్రాయశ్చిత్తంగా, అది ఎండిపోయి నన్ను రోజూ వెక్కిరిస్తుందనే నమ్మకంతో. మర్నాడు పళ్లు తోముకుంటూ వెళ్లి చూద్దును కదా, కుచ్చుకి పిచ్చుకలు వేలాడుతున్నాయి. గోడౌన్ పిచ్చుకలు, బలిసినవి, సిగ్గూ శరం లేనివి. పొట్టు నా బనీను మీద పడుతోంది. నురగ నోటితోనే ఫొటో తీశాను. తీశాక తెలిసింది, ఈ ఫొటో పెట్టడానికి లేదని. ఆయనకి ఆ జోకు కంటే ఇది పెద్ద దెబ్బ.

అందరూ తమ కుచ్చుల సంగతి రాస్తున్నారు. గుడివాడ పెద్దావిడ అడిగారు, “మాస్టారూ, మీకొచ్చాయా?”

‘రాలేదండీ,’ అని రాశాను. నా వెనకాల కిచకిచలు.

ఆ అబద్ధం కొన్నాళ్లు నడిచింది. కుచ్చు సగం ఖాళీ అయింది. అసలు సంగతి తెలిసింది మంగళగిరి మేడమ్‌కి ఒక్కరికే. ఆవిడకి ఓపిక నశించి ఫోన్ చేశారు. “ఎన్నాళ్లండీ ఇలా? ఆయనకి చెప్పెయ్యండి. ఈసారి మాత్రం మధ్యలో నన్ను పిలవకండి.”

ఫొటో ఇంటాయనకి ఒక్కరికే పంపాను. పంపే ముందు ఎవరెవరి చిరునామాలున్నాయో బ్యాంకు క్యాషియర్ నోటు చూసినట్టు చూశాను. ‘రోజూ వస్తున్నాయండీ. చెప్పలేకపోయాను’ అని కింద రాశాను. వెంటనే జవాబొచ్చింది: ‘రేపు పొద్దున్నే రావచ్చాండీ?’

వచ్చారు. చెప్పులు మెట్ల మీదే విప్పేశారు, చప్పుడవుతుందని. బాల్కనీలో ప్లాస్టిక్ స్టూలు వేస్తే గోడకి ఆనుకుని కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ముందు ఒకటొచ్చింది, తర్వాత మిగతావి. ఆయన ఫోన్ జేబులోంచి తియ్యలేదు. చాలాసేపు వట్టి కళ్లతోనే చూశారు.

అటే చూస్తూ, మెల్లిగా అన్నారు. “ఆ జోకు బాగుందండీ. మా ఆవిడకి చదివి వినిపించాను. నవ్వింది. పని లేదన్న చోట మాత్రం నవ్వలేదు.”

“తప్పయిందండీ,” అన్నాను. ఇన్నాళ్లు గొంతులో ఇరుక్కున్న మాట కదా, క్లాసులో చివరి బెంచీకి వినపడేంత గట్టిగా వచ్చింది. పిచ్చుకలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

ఇంటాయన పిచ్చుకలు లేని కుచ్చు వైపు చూశారు. నా వైపు చూశారు.

“ఎగరగొట్టేశారు కదండీ,” అన్నారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వారు. “నాకు రావు. వచ్చినచోట మీరు ఉండనివ్వరు.”

అవి మళ్లీ వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాం. నేనిచ్చిన కాఫీ చల్లారిపోయింది, ఈసారి ఆయన పట్టించుకోలేదు. వెళ్లేముందు ఫోన్ తీసి ఒక్క ఫొటో తీసుకున్నారు. అది ఆ రోజే అందరికీ పెడతారనుకున్నాను. పెట్టలేదు.

మర్నాడు పొద్దున పటమట బాల్కనీ, అదే కుచ్చు, చెక్కుచెదరని కంకులు. ‘కెమెరా బాగైంది. ఈరోజు కూడా రాలేదండీ.’

అందరికంటే ముందు నేనే రాశాను, ‘రేపు వస్తాయండీ’ అని. దాని కింద గుడివాడ పెద్దావిడ, “అదేంటి మాస్టారూ, వట్టి ఇంతేనా? జోకేదీ?” అన్నారు.

‘ఇంతేనండీ,’ అని రాసి, బాల్కనీలో పొట్టు ఊడవడానికి చీపురు తీసుకున్నాను.