ముందు ఇంట్లోవాళ్ళకు

మా మేడమ్ పోయారన్న కబురు ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున క్లాసులో పాఠం చెబుతూ చెబుతూనే గుండెనొప్పితో కూలబడిపోయారట. పిల్లలే అంబులెన్సు ఎక్కించారట, ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే అంతా అయిపోయిందట. ఆయన ఏడుపు ఆపుకుంటూ నన్ను ఒక్కటే అడిగాడు. "అమ్మ ఇంట్ల ఒక్కతే ఉన్నది. ఫోన్ల చెప్తె తట్టుకోదు. నీకు దగ్గరే గద చెల్లె, జర పోయి పక్కన కూసోని చెప్పు. నేను అక్కను తీసుకొని వస్త."

నేను పనిచేసేది శామీర్‌పేటలో, ఒక కంపెనీ ప్రచార విభాగంలో. మేడమ్, వాళ్ళమ్మ ఉండేది లాల్‌గడి మలక్‌పేట్‌లో. ఫోన్ సంచీలో పడేసి, బండి తీశాను. దారి పొడుగునా వాళ్ళమ్మకు ఎట్లా చెప్పాలో లోలోపల అనుకుంటూనే ఉన్నాను. అయినా ఆ కబురు నాకంటే ముందే ఆ ఇల్లు చేరింది. అదెట్లా చేరిందో మీకు అర్థం కావాలంటే, మేడమ్ మాకు ఏం నేర్పారో ముందు చెప్పాలి.

డిగ్రీలో పబ్లిక్ రిలేషన్స్ నేను కోరి తీసుకున్నది కాదు. బీకాంలో సీట్లు అయిపోయాయి, ఇందులో మిగిలాయి. మా నాయిన సూరారంలో ఫ్యాక్టరీ పనికి పోయేవాడు. నన్ను చేర్పించడానికి మేడ్చల్ దారిలోని ఆ కాలేజీకి వచ్చి, కౌంటర్ దగ్గర కూర్చున్న మేడమ్‌ను మొహమాటం లేకుండా అడిగేశాడు, గిదేం సదువు, ఇది సదివితే ఏమైతది అని. నాకు తలకొట్టేసినట్టయింది. ఆమె మాత్రం కుర్చీ చూపించి ఎదురు ప్రశ్న వేశారు.

"మీ ఫ్యాక్టరీల షిఫ్టు మారితే మీకెట్ల తెలుస్తదన్నా?"

"గేటు కాడికి పోయినంక తెలుస్తది."

"ఇంటికాడనే తెలిసేటట్టు చేసుడే గీ సదువు."

మా నాయిన ఇంకేం అడగలేదు. ఆ తర్వాత బస్తీలో ఎవరు అడిగినా నా బిడ్డ గేటు చదువు చదువుతోందని చెప్పుకునేవాడు. ఆ మాట మేడమ్ చెవిన పడి, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

మంచి మనిషే గానీ చండశాసనురాలు. చాక్‌పీస్ గోరంత మిగిలేదాకా వదిలేవారు కాదు. ఫ్లాస్కులో తెచ్చుకున్న చాయ్ చల్లారిపోయినా అదే తాగుతూ మా రాతలు దిద్దేవారు. ఆమెకు గిట్టని మాటలు కొన్ని ఉండేవి. సంతాప ప్రకటన రాయమంటే మేమందరం 'తీరని లోటు' అని రాసేవాళ్ళం. ఆమె దాని కింద గీత గీసి, "లోటు ఎవరికి? ఆ మనిషిని రాయండి," అనేవారు. ఏ ప్రకటనైనా సరే, దాని వల్ల దెబ్బ తగిలేది ఎవరికో వాళ్ళ దగ్గర కూర్చుని, పైకి చదివి వినిపించాలి. అది ఆమె పెట్టిన నియమం. విన్నవాళ్ళు ఏదో ఒకటి అడుగుతారు, దానికి జవాబు అందులో ఉందో లేదో చూసుకోమనేవారు.

ఒక ఎండాకాలం ఊరి పక్క చెరువులో చేపలు చచ్చి తేలాయి. మేడమ్ మమ్మల్ని పంచాయతీ తరఫున నోటీసు రాయమన్నారు. 'మత్స్య విక్రయములు తాత్కాలికముగా నిలిపివేయడమైనది' అని నేను దర్జాగా రాశాను. చెరువు గట్టున వల సర్దుకుంటున్న ఒక అవ్వకు చదివి వినిపించాను. ఆమె ఓపికగా విని, "మంచిగ సదివినవ్ బిడ్డా. ఇంతకు ఏమైందంటవ్?" అంది. వెనకాల మేడమ్ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె నాతో అన్న మాట మాత్రం నవ్వుతూ అన్నది కాదు. "చెడ్డ కబురైతే ముందు ఇంట్లోవాళ్ళకు. పక్కన కూర్చుని, నోటితో. ఆ తర్వాతే లోకానికి. ఇది తప్పితే మిగతా సిలబస్ అంతా మరిచిపోయినా నాకేం బాధ లేదు."

మేం సిలబస్ అంతా గుర్తుపెట్టుకున్నాం. మరిచిపోయింది అదొక్కటే.

కాలేజీ నుంచి ఎవరో మా బ్యాచ్ గ్రూపులో కబురు పెట్టారు. మావాళ్ళందరికీ ఇదే కదా వృత్తి! ఒకరు ఫొటో వెతికారు, ఒకరు పోస్టర్ చేశారు, ఒకరు మాటలు రాశారు. ఎంత ప్రేమ ఉంటే అంత తొందర. నేను ఇంకా దారిలో ఉండగానే అది అందరి స్టేటస్‌లలోకి ఎక్కింది. బండి ఎక్కే ముందు 'వాళ్ళమ్మకు ఇంకా తెలీదు, ఆగండి' అని ఒక్క ముక్క పెట్టాలని నాకు మాత్రం ఎందుకు తట్టలేదో! ఇప్పటికీ పళ్ళు తోముకుంటున్నా, కూర కలుపుతున్నా ఆ ముక్కే గుర్తొస్తుంది.

నేను వెళ్ళేసరికి గడపలో ఆ పెద్దావిడ కూర్చుని ఉంది. చర్చిలో ఉపవాస ప్రార్థన నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చంకలో బైబిలు అట్లాగే ఉంది. చేతిలో పక్కింటి అమ్మాయి ఫోన్. ఆ అమ్మాయి మేడమ్ దగ్గరే చదువుతోంది, ఆ పూట కాలేజీకి పోలేదు. పోస్టర్ చూసి పెద్దావిడకు తెలిసే ఉంటుందనుకుని, ఏడుస్తూ వచ్చి చూపించిందట. ఆ పిల్లను ఏమనగలం?

ఆవిడ ఏడవడం లేదు. నన్ను చూసి ఫోన్ నా చేతికిచ్చింది. "సదువు బిడ్డా," అంది.

చదివాను. 'ప్రజాసంబంధాల బోధనలో ధ్రువతార, మా ప్రియతమ గురువు మరణం విద్యాలోకానికి తీరని లోటు.' ఆమె చివరిదాకా వింది.

"గిందుల నేను లేనేంది బిడ్డా?"

ఆమె పక్కన గడపలో కూర్చున్నాను. దారి పొడుగునా అనుకున్నదంతా అప్పుడు నోటితో చెప్పాను. పొద్దున క్లాసులో ఉండగా గుండెనొప్పి వచ్చిందని, ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే అంతా అయిపోయిందని, తమ్ముడు తీసుకొస్తున్నాడని. అంతా విని, ఎవరికో వినబడకూడదన్నట్టు మెల్లగా అడిగింది.

"అప్పుడు ఎవలన్న పక్కకుండిరా?"

"పిల్లలున్నరమ్మా. అంబులెన్సు ఎక్కేదాకా చెయ్యి ఇడువలేదంట."

అప్పుడు ఏడ్చింది.

అంబులెన్సు వచ్చేదాకా మేమిద్దరం అక్కడే కూర్చున్నాం. ఫోన్ ఆమె ఒళ్ళో ఉంది. కింద రాసిన మాటల మీద ఆమె బొటనవేలు పెట్టి మూసేసింది, కూతురు ముఖం మాత్రం కనబడేటట్టు. కాసేపటికి తెర ఆరిపోయేది. ఆమె నా వైపు జరిపేది. నేను మళ్ళీ వెలిగించి ఇచ్చేదాన్ని.